హైమవతి తాగిన నీళ్లు

గ్లాసుడు మంచినీళ్లు తాగడం ఇంత కష్టమైన పనని నలభై నాలుగేళ్లు వచ్చేదాకా హైమవతికి ఎవరూ చెప్పలేదు.

పెరట్లో రుబ్బురోలు పక్కన పీట వేసుకుని కూర్చుంది. రోలు మీదే కూర్చుంటే ఎత్తుగా, హాయిగా ఉండేది గానీ, రోలు మీద కూర్చునే కోడలిని భరించే అత్తగారు రాజమండ్రిలో ఇంకా పుట్టలేదు. గ్లాసు అంచుకు పెదవి ఆనించింది. చెవి వెనక అంటించుకున్న చింతాకంత పట్టీ వెచ్చబడింది. వెచ్చబడితే తలుపు తెరుచుకున్నట్టు. ఇక ఆమె చేయవలసిందల్లా నీళ్లు తాగడం, తాగుతున్నంతసేపూ తాగడం తప్ప మరొకటి చేయకపోవడం. నీళ్లు నాలుకకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. గొంతులోంచి దిగుతున్నాయి. కుక్కరు ఎన్నిసార్లు కూసిందో గుర్తు రాకూడదు. రేపు అర లీటరు చాలని పాలవాడికి చెప్పిందో లేదో గుర్తు రాకూడదు. చెప్పలేదు. అయ్యో, గుర్తు రాకూడదు. మళ్లీ నీళ్ల దగ్గరికి వచ్చింది.

అదే నిమిషంలో, గోదావరి గట్టు మీద పంపుహౌస్‌లో కూర్చున్న ఆమె భర్త సోమరాజు కళ్లు మూసుకుని హాయిగా నిట్టూర్చాడు. చుక్క నీరు ముట్టకుండానే అతని గొంతు చల్లబడింది.

సోమరాజు నీటి సరఫరా శాఖలో సూపర్‌వైజరు. పొద్దున్నే వాల్వులు తిప్పించి సగం ఊరికి నీళ్లు వదిలే మనిషి. మూడేళ్ల కిందట మూత్రపిండాలు రెండూ పని మానేశాక, డాక్టర్లు అతనికి రోజుకు వదిలిన నీళ్లు ఒక చిన్న సీసాడు. అందులోనే కాఫీ, అందులోనే చారు, అందులోనే మజ్జిగ. అంతకు మించి తాగితే ఆ నీరు బయటికి పోయే దారి లేదు. ముందు కాళ్లలో చేరుతుంది, తరవాత ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఒక వేసవిలో చేరింది కూడా. ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుచుకుని అతను మంచం మీద కూర్చోవడం హైమవతి చూసింది. గదిలో కూర్చున్న మనిషి నీళ్లలో మునిగిపోవడం ఎలా ఉంటుందో చూశాక, ఆమెకు ఇంట్లో బిందెల వంక చూడాలన్నా బెరుకే. గుండె బలహీనపడింది, మరోసారి ఇలా అయితే మేం మాటివ్వలేమమ్మా అన్నారు డాక్టరుగారు.

మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. రక్తమంతా గొట్టాల్లోంచి వెళ్లి శుభ్రపడి వచ్చేదాకా కుర్చీలో కదలకుండా ఉండాలి. ఆ కాలక్షేపానికి గోడ మీదున్న టీవీ తీసేసి ధ్యానం క్లాసు పెట్టారు. అక్కడి రోగులు దాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

క్లాసు చెప్పేది కౌముది. మెదడు మీద పరిశోధన చేసే చిన్న డాక్టరు. మెడలో గుర్తింపు కార్డు తాడు కొరుక్కుంటూ మాట్లాడుతుంది. "దాహాన్ని తరమకండి. పోట్లాడకండి. ఊరికే చూడండి. వస్తుంది, కాసేపు ఉంటుంది, పోతుంది. చూసేటప్పుడు ఫోను ఆపెయ్యండి, తలుపు వేసుకోండి."

"నేను చూస్తూనే ఉన్నానమ్మా," అన్నారు పక్క కుర్చీలోని మస్తాన్‌గారు. "అదీ నన్నే చూస్తోంది. రెప్ప ముందు ఎవరు వేస్తారో తెలీటం లేదు."

అందరికీ రాని ఆ విద్య సోమరాజుకు మాత్రం ఇట్టే పట్టుబడింది. జీవితమంతా ప్రెషరు మీటరు ముల్లు వంక చూసినవాడు గనుక, దాహం వంక కూడా అలాగే చూసేవాడు. ఎక్కిందా, ఎక్కింది. దిగిందా, దిగుతోంది. అతని తలకు తగిలించిన తీగలు తెర మీద గీస్తున్న గీతలు చూసి కౌముది తాడు కొరకడం ఆపేసింది. అంత నిశ్చలంగా చూస్తున్న మెదడులో ఒక ఖాళీ గది ఏర్పడుతోందనీ, అందులోకి ఇంకొకరి దాహం తీరిన తృప్తిని పంపొచ్చనీ ఆమెకు తోచింది. పంపేవాళ్లు కూడా అంతే నిశ్చలంగా తాగాలి. ఇంకొకరు అంటే ఎవరు? భార్యే. ఈ దేశంలో ఇలాంటి ప్రశ్నలకు పరిశోధన అక్కరలేదు.

మొదటి పరీక్షకు ఇద్దరి చెవుల వెనకా పట్టీలు అంటించి, వాటిని కలిపే చిన్న డబ్బా సోమరాజు జేబులో పెట్టి, హైమవతిని పక్క గదిలో కూర్చోబెట్టి గ్లాసు ఇచ్చారు. ఆమె రెండు గుక్కలు తాగిందో లేదో, ఇవతల సోమరాజు గొట్టాలతో సహా లేవబోయాడు.

"స్టవ్! హైమా, స్టవ్ ఆపావా?"

నర్సు అతన్ని పట్టుకుని కూర్చోబెట్టింది. కౌముది కళ్లు పెద్దవి చేసుకుని పక్క గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "చేరిందండీ. కానీ నీళ్లు కాదు. మీరు చేరారు."

"స్టవ్ ఆపానో లేదో నాకూ అనుమానంగానే ఉందండీ," అంది హైమవతి.

నెల తిరిగేసరికి ఆమె నేర్చుకుంది. పాలవాడూ కుక్కరూ లేని గుక్క ఒకటి దొరికింది, తరవాత రెండు దొరికాయి. సోమరాజు చిన్న సీసా సాయంత్రానికి కూడా మిగలడం మొదలుపెట్టింది. రెండు డయాలసిస్‌ల మధ్య మూడు కిలోలు బరువు పెరిగేవాడు కిలోన్నర దగ్గర ఆగాడు. కాళ్ల వాపు తగ్గి పాత చెప్పులు పట్టాయి. అతనికి దాహం వేసినప్పుడల్లా హైమవతి పట్టీ చిన్నగా అదురుతుంది, ఆమె లేచి నీళ్లు తాగుతుంది. పెళ్లిలో ఇన్ని ప్రమాణాలు చేయించిన పురోహితుడికి ఇదొక్కటి తట్టలేదు.

ఒక్కసారి మాత్రం ఆమె అల్లరి చేసింది. కమిషనరుగారితో సమావేశంలో ఉన్నాడని తెలిసి, గ్లాసుడు మిరియాల చారు నిష్ఠగా తాగింది. సోమరాజు కమిషనరుగారి ఎదుట కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గాడు. నీటి ఎద్దడి మీద అతనికున్న ఆవేదనకు కమిషనరుగారు కదిలిపోయారు. ఇంటికొచ్చి నిలదీస్తే, "నేనేం తాగలేదండి," అంది హైమవతి, ముఖం ఎంతో అమాయకంగా పెట్టి.

చెప్పని సంగతి ఒకటుంది. ఎంత తాగినా ఆమెకు దాహం తీరడం మానేసింది. నీళ్లు కడుపు నింపుతున్నాయి, గొంతును మాత్రం తడపకుండా ఎటో వెళ్లిపోతున్నాయి. పంపేది నకలు మాత్రమేననీ, అసలు ఆమె దగ్గరే ఉంటుందనీ కౌముది మొదట్లోనే చెప్పింది. కాగితం మీద అలాగే ఉండి ఉంటుంది. నోరెండిపోతోందంటే ప్రయోగం ఆపేస్తారు, ఆపేస్తే మళ్లీ ఆ వేసవి వస్తుంది. అందుకని హైమవతి నోరు మూసుకుంది. ఎండిన నోరు మూసుకోవడం సులువు కూడా.

శ్రావణంలో ఒక గురువారం డయాలసిస్ కేంద్రంలో కుర్చీలో ఉండగానే సోమరాజుకు ఊపిరి బిగబట్టినట్టయింది. నర్సులు పరుగులు పెట్టారు, ఆక్సిజన్ తెచ్చారు, ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కాసేపటికి సర్దుకుంది. గంటకు మళ్లీ అదే. కౌముది తాడు కొరుకుతూ ఇంటికి ఫోన్ చేసింది.

"హైమగారూ, ఇప్పుడు మీరేం చేస్తున్నారు?"

"వంటింట్లో మంచినీళ్లు తాగానండి."

"ఎలా తాగారు?"

ఎలా తాగుతారు? అత్తగారు చిట్టెమ్మ ఎదురుగా నిలబడి ఉండగా, మంచినీళ్ల బిందె దగ్గర అంచు కరుచుకుని తాగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చెంబు ఎత్తి, తల వెనక్కి వాల్చి, ధారగా గొంతులో పోసుకోవాలి. అలా పోసుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టాలి. పెదవి తగలదు గనుక తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. నీళ్లు వెళ్లలేదు, బిగబట్టిన ఊపిరి ఒక్కటే వెళ్లింది.

వార్డంతా నవ్వింది. "మీ అమ్మగారి మడి ఆక్సిజన్ సిలిండరు దాకా వచ్చిందండీ," అన్నారు మస్తాన్‌గారు. కౌముది కూడా నవ్వింది. అప్పట్నుంచి దాహం తీర్చే నీళ్లు హైమవతి పెరట్లో తాగేది, అత్తగారి కళ్లెదుట మాత్రం ఎత్తి పోసుకునేది. సోమరాజుకు అప్పుడప్పుడూ ఊపిరి బిగబట్టేది. "మా ఆవిడ మంచినీళ్లు తాగుతోంది," అని చిరునవ్వు నవ్వి, నేర్పినట్టే దాని వంక చూస్తూ కూర్చునేవాడు. వచ్చేది, కాసేపుండేది, పోయేది.

కార్తీకం వచ్చింది. నాగుల చవితికి ముందు శనివారం పెద్ద పైపు పగిలి సగం ఊరు ఎండిపోయింది. సోమరాజు డయాలసిస్‌కు వెళ్లలేదు.

"మంగళవారం ఎలాగూ ఉంది కదా," అన్నాడు.

"ఒక్కటి కూడా మానకూడదన్నారండీ."

"దాహమే లేదు హైమా. వాపూ లేదు. నాకు జబ్బుందని నాకే గుర్తుండటం లేదు."

ఆమెకు గుర్తుంది. కానీ మూడేళ్ల తరవాత అతను పాత చెప్పుల్లో చకచకా నడిచి వెళుతుంటే వెనక్కి పిలవబుద్ధి కాలేదు. ఆదివారం రాత్రి కూడా పైపు పనికని పంపుహౌస్‌లోనే ఉండిపోయాడు.

సోమవారం నాగుల చవితి. పుట్టలో పాలు పోసేదాకా పచ్చి గంగ ముట్టకూడదన్నది చిట్టెమ్మగారి శాసనం. ఉపవాసాలు చెయ్యనని హైమవతి కౌముదికి మాటిచ్చింది. అయినా ముందురోజు అన్నం తిన్నాక మళ్లీ గ్లాసు ముట్టలేదు. పట్టీ అదిరినా కదలకుండా పడుకుంది. ఎలాగూ తీరని దాహమే, కనీసం పుణ్యమైనా వస్తుంది అనుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కావలసింది పుణ్యం కాదు. ఒక్క పూట తన దాహం తన దగ్గరే ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

కాలనీ చివర ఖాళీ స్థలంలో పుట్ట. ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లుతున్నారు, ఎవరో టపాకాయలు కాలుస్తున్నారు. చిట్టెమ్మగారు చిమ్మిలి, చలిమిడి ఆకులో పెడుతుంటే, హైమవతి పచ్చిపాలున్న వెండి గ్లాసు పట్టుకుని వరసలో నిలబడింది. కొంగున కట్టిన ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు సోమరాజు.

"పాలు కాస్తున్నానండి," అంది, పుట్ట వంక చూస్తూ.

"కాస్త నెమ్మదిగా తాగవే తల్లీ. ఎత్తి పోసుకుంటున్నావు కదూ. రాత్రంతా ఇదే వరస. పడుకుంటే ఊపిరి బిగబడుతోంది. కూర్చుంటే సర్దుకుంటోంది. కుర్చీలోనే కునుకు తీశాను."

మాట మాటకూ మధ్య అతను ఆగుతున్నాడు. పైపులో గాలి పట్టినప్పుడు కుళాయి ఆగి ఆగి వచ్చినట్టు.

హైమవతి నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. రాత్రంతా ఆమె నిద్రపోయింది.

"ఏవండీ. నేను నిన్న రాత్రి నుంచి తాగలేదు."

"ఆహా. చారు రోజున కూడా ఇలాగే అన్నావు."

"ఒట్టండీ. ఉపవాసం ఉన్నాను. అది నా ఊపిరి కాదు, మీదే. బయటికి రండి, ఎవర్నయినా పిలవండి."

"ఉపవాసం ఉండనని ఆ పిల్లకు మాటిచ్చావు, ఇప్పుడేమో ఉన్నానంటావు." అతను నవ్వబోయాడు, నవ్వు దగ్గులోకి జారింది. "నాకేం కంగారుగా లేదులే. వాల్వు గదిలో తలుపు వేసుకుని కాసేపు చూస్తాను. అదే పోతుంది."

ఫోను ఆపేశాడు. నేర్పినట్టే.

ఆమె మళ్లీ చేసింది. మోగలేదు. పంపుహౌస్ ఆఫీసుకు చేసింది. అందరూ పగిలిన పైపు దగ్గరున్నట్టున్నారు, ఎవరూ ఎత్తలేదు. కౌముదికి చేసి రెండు ముక్కల్లో చెప్పింది.

"అంబులెన్స్ పంపిస్తున్నాను," అంది కౌముది. "కానీ ఆయన లేవాలి. ఆయనకు నేనే నేర్పాను, కదలకుండా చూడమని. అలా చూస్తూ కూర్చుంటే చూస్తూనే పోతారు. ఎలాగైనా లేపండి హైమగారూ."

పుట్టకూ పంపుహౌస్‌కూ మధ్య ఊరుంది. హైమవతికి చేతిలో గ్లాసు కనిపించింది. అతని ఫోను ఆగిపోయింది గానీ, జేబులో ఉండే పట్టీ డబ్బా ఆగదు.

గ్లాసు పెదవి దాకా ఎత్తింది.

"ఏవే హైమా," అన్నారు చిట్టెమ్మగారు, వెనక నుంచి. "పుట్టలో పొయ్యకుండా నాగేంద్రుడి పాలు ఎంగిలి చేస్తావుటే?"

"మీ అబ్బాయికండీ," అంది హైమవతి. అంచు కరుచుకుంది.

పట్టీ వెచ్చబడింది. తలుపు తెరుచుకుంది. మొదటి నెలంతా కష్టపడి బయటికి తోసినవన్నీ ఇప్పుడామె చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచింది. మామూలు కంగారు చాలదు, అది మధ్యలో చెదిరిపోతుంది. నీళ్ల వంక ఎలా చూసిందో భయం వంక అలా చూడాలి. చూసింది. కుక్కరు కూస్తోంది. పాలు పొంగుతున్నాయి. గ్యాసు వాసన. ఆ వేసవిలో మంచం మీద తెరుచుకున్న నోరు. చెయ్యి చాచి ఆమె కొంగు పట్టుకున్న వేళ్లు, వాటి నీలం గోళ్లు. పచ్చిపాలు గొంతులోంచి దిగుతున్నాయి. ఒక్కో గుక్కా నిదానంగా, ఏదీ వదిలిపెట్టకుండా, గ్లాసు అడుగు కనిపించేదాకా తాగింది.

తాగడమయ్యాక ఆమెలో భయం లేదు. నీళ్ల తృప్తి వెళ్లినట్టే అదీ వెళ్లిపోయింది. ఖాళీ గ్లాసుతో నిలబడ్డ ఆమెకు ఆ ఖాళీయే వణుకు పుట్టించింది.

చిట్టెమ్మగారు కోడలి ముఖం వంక చూశారు. చిమ్మిలి ఆకు అక్కడే వదిలేసి, "ఆటో," అని వీధిలోకి నడిచారు.

పంపుహౌస్ చేరేసరికి గేటు బయట అంబులెన్స్ ఉంది. వాల్వు గదిలోంచి సోమరాజు తలుపు బద్దలుకొట్టినంత పని చేసి బయటికొచ్చాడట. స్టవ్, స్టవ్ అంటూ ఆవరణలో పడిపోయాడట. సరిగ్గా అప్పుడే టిఫిను కోసం వెనక్కొచ్చిన ఫిట్టరు చూశాడట. పెదాలు నీలంగా ఉన్నాయి. ముఖానికి ఆక్సిజన్ తగిలిస్తుంటే అతను హైమవతి కొంగు పట్టుకున్నాడు. కళ్లలో అంత భయం ఆమె ఎప్పుడూ చూడలేదు. అది ఎక్కడిదో ఆమెకు తెలుసు.

కేంద్రంలో అతని ఒంట్లోంచి నీరు తీస్తున్నంతసేపూ హైమవతి బయట బల్ల మీద కూర్చుంది. ఒక్కసారి నర్సు పరుగెత్తింది. ఒక్కసారి డాక్టరుగారు లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. చివరికి వచ్చి, గట్టెక్కాడమ్మా, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అన్నారు. చిట్టెమ్మగారు పమిట చెంగుతో ముక్కు తుడుచుకుని, ఎవరితోనూ కాకుండా, నాగేంద్రుడు ఏమీ అనుకోడులే అన్నారు.

అతను తేరుకుని కూర్చున్నాక కౌముది వచ్చింది. మెడలో తాడు లేదు, కొరికి కొరికి తెగిపోయిందేమో.

"నీళ్లు ఎలా పంపాలన్న దాని మీదే బుర్ర పెట్టాను," అంది. "ఏది ఆయనది, ఏది మీది అని చెప్పే గుర్తు పెట్టాలని తోచలేదు. మేమందరం నవ్వి ఊరుకున్నాం."

అప్పుడు హైమవతి తన ఎండిపోయిన గొంతు సంగతి చెప్పింది. కౌముది ఆమె వంకా, తన చేతిలోని పట్టీల వంకా చూసి తలదించుకుంది. "సరిచేసి తెస్తాను," అంది. "అప్పుడు పెట్టుకుంటారా?"

సోమరాజు భార్య వంక చూశాడు. "వద్దు డాక్టరుగారూ. దాహం వేస్తే వేసింది. నా ఆయాసం నాదని నాకు తెలియాలి."

మస్తాన్‌గారు పక్క కుర్చీలోంచి చెయ్యి చాపారు. "రండి గురువుగారూ. రెప్ప వెయ్యకుండా చూద్దాం, మీ దాహం మీరు, నా దాహం నేను."

సోమరాజు మళ్లీ చిన్న సీసా దగ్గరికి వచ్చాడు. సాయంత్రానికి అది ఖాళీ అయితే ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు, చిరాకుపడతాడు, ఒక్క డయాలసిస్ కూడా మానడు. కళ్లు మూసుకుని దాహాన్ని చూస్తాడు గానీ, మునుపటంత నిశ్చలంగా చూడలేడు. మధ్యలో ఉలిక్కిపడి లేస్తాడు. హైమవతి పంపిన భయం అతనిలోనే ఉండిపోయింది, ఆమెకు వెనక్కి రాలేదు. కాలక్రమేణా తగ్గొచ్చంది కౌముది, తగ్గుతుందని మాత్రం అనలేదు.

ఒకరోజు వంటింట్లో మంచినీళ్ల బిందె పక్కన బోర్లించిన కొత్త గ్లాసు కనిపించింది. "అది నీది," అన్నారు చిట్టెమ్మగారు, ఎటో చూస్తూ. "అంచు కరుచుకునే తాగు. ఇంకొకరిది ముట్టకు, అంతే."

హైమవతి గ్లాసు నింపుకుని పెరట్లోకి వెళ్లి పీట మీద కూర్చుంది. చెవి వెనక తడుముకుంది, ఏమీ లేదు. పెదవి ఆనించింది. నీళ్లు నాలుకకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. గొంతులోంచి దిగి, దిగిన చోటే ఆగాయి. ఎటూ వెళ్లలేదు. పాలవాడు గుర్తు రాలేదు, కుక్కరు గుర్తు రాలేదు. ఇంతకాలం ఎంత ప్రయత్నించినా దొరకని గ్లాసు అది. ఆమె దాన్ని చివరిచుక్క దాకా తాగింది.

వీధి అరుగు మీద నుంచి సోమరాజు గొంతు వినిపించింది.

"హైమా. స్టవ్ ఆపావా?"

ఆమె చెయ్యి మళ్లీ చెవి వెనక్కి వెళ్లింది. పట్టీ లేదు.

వంటింట్లోంచి పాలు మాడిన వాసన వస్తోంది.